ఏడంతస్తులు ఎవరికీ కనబడలేదు

2016 డిసెంబర్ 8. గురువారం రాత్రి. పెద్దనోట్లు రద్దయి సరిగ్గా నెల. హైదరాబాద్‌లో ఏటీఎంల ముందు లైన్లు ఇంకా తరగలేదు. చలి ముదిరింది. నానక్‌రాంగూడలో, ఐటీ కంపెనీల అద్దాల మేడలకు కూతవేటు దూరంలో, చిన్న ప్లాటులో ఒక కొత్త బిల్డింగు నిలబడి ఉంది. ఏడంతస్తులు. పని ఇంకా సాగుతూనే ఉంది. ఆ పని చేసే కూలీల కుటుంబాల కాపురం కూడా అందులోనే. పగలంతా సిమెంటు మోసిన ఒళ్లు నడుం వాల్చే వేళ.

అప్పుడు కూలింది.

పై స్లాబు కింది స్లాబు మీద, అది దాని కిందిదాని మీద, పిల్లర్లు విరిగి, ఇనుప రాడ్లు మెలికలు తిరిగి, ఏడంతస్తులూ మడతపెట్టిన దుప్పటిలా నేలకు దిగిపోయి, లేచిన దుమ్ములో గల్లీ గల్లీయే కనబడకుండా పోయింది. చుట్టుపక్కల వాళ్లు ఉరికొచ్చారు. జేసీబీలొచ్చాయి. క్రేన్లొచ్చాయి. ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది. అందరి నోటా ఒకటే మాట: లోపల ఎంతమంది?

చెప్పేవాళ్లు లేరు. కూలీల పేర్లు ఏ రిజిస్టర్లోనూ దొరకలేదు. మెట్లెటు, గదులెటు? ఆఫీసు ఫైల్లోంచి ప్లాను తీసి చూద్దామంటే, మంజూరైన ప్లానే లేదు. జీహెచ్‌ఎంసీ ఆ కట్టడానికి పర్మిషనే ఇవ్వలేదు. ఇవ్వనిదానికి ఇన్‌స్పెక్షన్ ఎక్కడిది? రోడ్డు మీద నిలబడి తలెత్తితే కనబడే ఏడంతస్తులు మరి ఇన్నాళ్లూ ఎలా లేచాయి?

ఎక్కువ వెనక్కి పోనక్కర్లేదు. ముందు నెలే, నవంబర్ 2న, చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల టవర్‌ను పేలుడు పదార్థాలు పెట్టి సెకన్లలో నేలమట్టం చేశారు. దాని జంట టవర్ 2014 జూన్ 28 సాయంత్రం, జోరువానలో, కట్టుబడి సాగుతుండగానే కూలింది. 61 మంది పోయారు. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలసపోయిన మనవాళ్లే. పిడుగు పడిందన్నారు బిల్డర్లు. అక్కడ పర్మిషన్ ఉంది, ప్లాను ఉంది, స్టాంపులూ ఉన్నాయి. పిల్లర్లు మోయగలవా అన్నది మాత్రం బిల్డర్ ఇచ్చిన హామీ మీద వదిలేశారు. ఇక్కడ ఆ కాగితం కూడా లేదు. మళ్లీ శిథిలాల కింద విజయనగరం వాళ్లే.

రాత్రి గడుస్తోంది. గ్యాస్ కట్టర్లతో రాడ్లు కోస్తున్నారు. మిషన్లు ఆపుతారు. చెవి పెడతారు. మళ్లీ మొదలుపెడతారు. తొందరపడి ఒక స్లాబు లాగితే ఇంకోటి జారుతుంది. శుక్రవారం తెల్లవారుజామున శిథిలాల సందులోంచి ఒక తల్లిని బయటికి తీశారు. ప్రాణం ఉంది. ఆమె కొడుకు, చిన్న పిల్లాడు, వాడూ బతికే ఉన్నాడు. మిగతావాళ్లు?

ఒక్కొక్క స్లాబూ ఎత్తేకొద్దీ శవాలు. లెక్క పదకొండుకు చేరింది.

బిల్డింగు లేస్తున్నప్పుడు రానివాళ్లు కూలాక అందరూ వచ్చారు. మంత్రులు, కమిషనర్లు, కెమెరాలు. యజమానిని అరెస్టు చేశారు. జీహెచ్‌ఎంసీ అధికారుల మీద సస్పెన్షన్ వేటు పడింది.

2020లో తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల కోసం టీఎస్-బీపాస్ చట్టమొచ్చింది. ఇప్పుడు రాష్ట్రంలో ఏ మున్సిపాలిటీలో అయినా సరే, 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి, యజమాని తన మాట మీద తానే ధ్రువీకరణ ఇస్తే పర్మిషన్ అప్పటికప్పుడు చేతికొస్తుంది. చెప్పింది అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చొచ్చు. లంచాల తిప్పలు తగ్గించే ఏర్పాటే, కాదనలేం. కానీ సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎప్పుడైనా కొలవొచ్చు. ఇనుము?

స్లాబు పోసే ముందు రోజు పైకెక్కితే అంతా కళ్లముందే ఉంటుంది. బీముల్లో రింగులు ఎంతెంత ఎడంలో కట్టారో టేపు పెట్టి చూడొచ్చు. సెంట్రింగు చెక్కకీ రాడ్డుకీ మధ్య కవర్ బ్లాకులున్నాయో లేవో వేలితో తడమొచ్చు. మర్నాడు పొద్దున మిక్సర్ తిరగడం మొదలైతే అయిపోయినట్టే. కాంక్రీటు అన్నీ మూసేస్తుంది.

తప్పిపోయిన తనిఖీకి విరుగుడు లేకపోలేదు. రిబౌండ్ హ్యామర్‌తో కొట్టి కాంక్రీటు గట్టిదనం అంచనా వేస్తారు. లోపలి ఇనుము జాడ పట్టే స్కానర్లున్నాయి. ఇంకా అనుమానం తీరకపోతే డ్రిల్లు పెట్టి కోర్ కోసి ల్యాబ్‌కు పంపాలి. మామిడాకు తోరణం ఇంకా వాడని ఇంట్లో, కొత్త రంగు మీద, పిల్లర్‌కు కన్నం పెడతామంటే ఏ ఇంటాయన సరేనంటాడు?