అభ్యంగనం, ఉద్వర్తనం

అభ్యంగనం, ఉద్వర్తనం ఆయుర్వేదంలోని రెండు ముఖ్యమైన మర్దన విధానాలు. రోగి స్థితిని బట్టి వైద్యులు వీటిలో ఒకదానిని ఎంపిక చేస్తారు.

అభ్యంగనం: గోరువెచ్చని నువ్వులనూనెతో గాని, ఔషధ తైలంతో గాని ఒళ్ళంతా మర్దించడం. ఇది వాతాన్ని, అలసటను పోగొడుతుందని వాగ్భటుని అష్టాంగహృదయం పేర్కొన్నది. కఫం ప్రబలినవారికి, అజీర్ణరోగులకు, శోధన చికిత్స పొందినవారికి ఆ గ్రంథమే దీనిని నిషేధించింది.

ఉద్వర్తనం: చూర్ణాలతో ఒళ్ళు రుద్దడం. ఇది కఫాన్ని హరించి, మేదస్సును కరిగిస్తుందని అదే గ్రంథం చెబుతుంది. తెలుగువారు పండుగనాడు నూనె రాసుకొని సున్నిపిండితో నలుగు పెట్టుకునే ఆచారంలో ఈ రెండూ వరుసగా కనిపిస్తాయి.

జాగ్రత్తలు: ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడుతుంటే ఏ మర్దనమూ చేయరాదు. సిరలో రక్తపు గడ్డ ఉన్నట్లయితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించవచ్చు. అటువంటప్పుడు వెంటనే వైద్యునికి చూపించాలి.