పురిటింటి మలుపు

మాఘమాసం, పెళ్లిళ్ల సందడి. తాడేపల్లిగూడెం నుంచి గణపవరం మీదుగా ఆకివీడు దాటి వచ్చిన బొలెరో, కైకలూరు అవతల ఓ కొల్లేటి ఊళ్లో రామాలయం ముందు ఆగేసరికి రాత్రి తొమ్మిదయింది. బండి నిండా బేసు బాక్సులు, టాపులు, వెనకాల జనరేటరు. మిక్సరు దగ్గర కూర్చున్న కుర్రాడికి ముప్పై లోపే ఉంటాయి. ఇక్కడ అతని పేరు అక్కర్లేదు.

"పెట్టన్నా!" అని పెళ్లికొడుకు స్నేహితుల కేక. పెట్టాడు.

అతని పనితనం చూసి తీరాలి. హెడ్‌ఫోను ఒక చెవికే నొక్కిపెట్టి, రాబోయే పాట వేగాన్ని నడుస్తున్న పాటకు సరిపెడతాడు. నిమిషానికి 128 దెబ్బలు. రెండు పాటలూ ఒకే దెబ్బ మీద పడ్డాక బేసు మొత్తం కోసేస్తాడు. కుర్రాళ్లు చేతులు పైకెత్తి ఆగిపోతారు. ఒక్క క్షణం ఊరించి బేసు వదులుతాడు. వీధి వీధంతా గంతేస్తుంది. ఈ విద్యను 1977 నుంచి షికాగోలోని వేర్‌హౌస్ క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ అనే డీజే తెల్లవార్లూ నడిపాడు. హౌస్ సంగీతానికి ఆ పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందంటారు. అయితే అక్కడ నాలుగు గోడలున్నాయి. కావాలనుకున్నవాళ్లే లోపలికి వెళ్లారు.

ఇక్కడ ఊరేగింపు మలుపు తిరగబోతుంటే ఒక మామ్మగారు బండికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు. బండెక్కి అతని చెయ్యి పట్టుకుంది.

"బాబూ, లోపల పురిటి పిల్ల. పదకొండో రోజు. ఉలిక్కిపడి పాలు కూడా తాగట్లేదు నాయనా."

అతను బేసు నాబ్ తిప్పి పూర్తిగా తగ్గించేశాడు. టాపుల్లోంచి సన్నటి కీచు మిగిలింది.

"ఏంటన్నా, డబ్బులు మేమిచ్చామా, ఆవిడిచ్చిందా?" ఒకడు బండి మీద చరిచాడు. ఇంకొకడు మిక్సరు మీదికి చెయ్యి చాపాడు. అతను రెండు చేతులూ మిక్సరు మీద అడ్డం పెట్టి కూర్చున్నాడు. చివరికి పెళ్లికొడుకే కారు దిగొచ్చాడు. "మా మామ్మ వరసరా ఆవిడ. ముందుకు పోనివ్వండి" అన్నాడు.

బేసు సంగతి తెలిసినవాళ్లకు ఆ పసిగుడ్డు బాధ అర్థమవుతుంది. సన్నటి శబ్దాన్ని తలుపు చాలావరకు ఆపుతుంది. బేసు గోడలోంచి, మంచం కోళ్లలోంచి కూడా వస్తుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలు. ఈ బండ్ల ముందు నూరు దాటడం మామూలే. ఇది కొల్లేటి గట్టు కూడా. దగ్గరలోని ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు పిల్లల్ని సాకేది ఈ నెలల్లోనే.

హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. నాకు ఆ నిషేధం మీద కోపం లేదు. కానీ అంతటితో ఆగితే వీధుల్లో గంతులేసే ఈ కుర్రకారుకు అన్యాయం చేసినట్టే. మన కుర్రాళ్లు గంతులెయ్యాలంటే ఎవరి పెళ్లో, ఎవరి జాతరో రావాలి. ఆడపిల్లల సంగతి మరీ దారుణం. ఆ రాత్రి అరుగుల మీద నిలబడి, పైట చాటున వేళ్లతో తాళం వేస్తున్న అమ్మాయిలను వీధిలోకి రమ్మన్నవాళ్లే లేరు. గూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఏలూరు జిల్లా కేంద్రం. ఈ రెండు ఊళ్లలో ఆడా మగా భయం లేకుండా నాట్యం చేసే హాలు ఒక్కటైనా ఉండాలని గట్టిగా అడుగుతున్నాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వద్దన్న శబ్ద కాలుష్య నియమాలే, తలుపులు మూసిన కమ్యూనిటీ హాళ్లకూ విందు మందిరాలకూ లోపలి వాడకం వరకు మినహాయింపునిచ్చాయి.

ఆ రాత్రి పదింటికి అతను జనరేటరు కట్టేశాడు. మాట్లాడుకున్న డబ్బులో కొంత కోసుకున్నారు. వైర్లు చుట్టుకుని మారు మాట్లాడకుండా బయల్దేరాడు. ఇప్పుడు బేరం మాట్లాడేటప్పుడే అడుగుతున్నాడు: "వీధిలోనా, హాల్లోనా? వీధైతే బేసు నా ఇష్టం, పదింటికి బంద్. హాలైతే తలుపులేసుకుందాం. మీ అక్కచెల్లెళ్లనీ తీసుకురండి." వీధి బేరాలు కొన్ని పోయాయి. మొన్న ఏలూరులో ఒక కల్యాణమండపానికి పిలిచింది మాత్రం పెళ్లికూతురి స్నేహితురాళ్లే.