రీకాల్ చట్టం: లోపం సంగతి ముందు ఎవరు చెప్పాలి?

మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 110ఏ రీకాల్ గురించి చెబుతుందని మనలో చాలామందికి తెలుసు. అది ఎందుకు అవసరమైందో మాత్రం జవాబుల్లో అరుదుగా కనిపిస్తుంది. భద్రతా లోపమున్న వాహనాలను కంపెనీ వెనక్కి పిలిపించి, తన ఖర్చుతో సరిచేయడమే రీకాల్. దీని చరిత్రను ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే మర్చిపోము: లోపం ముందు ఎవరికి తెలిసింది, ఎప్పుడు బయటపెట్టారు?

అమెరికాలో 1960ల వరకు ప్రమాదం జరిగితే తప్పు డ్రైవర్‌దే అనేవారు. తప్పు తయారీలోనే ఉండొచ్చని 1965లో రాల్ఫ్ నాదర్ తన పుస్తకం 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్'లో వాదించారు. 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది. లోపాన్ని యజమానులకు తెలియజేయడం కంపెనీల బాధ్యత అయింది. ఉచితంగా సరిచేయాలన్న నిబంధన 1974 సవరణతో చేరింది.

ఈ చట్టానికి అసలు పరీక్ష ఒక ఫ్యామిలీ ఎస్‌యూవీతో ఎదురైంది. 1990లో మార్కెట్లోకి వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అక్కడి కుటుంబాలకు ఇష్టమైన బండి. వాటిలో చాలావాటికి ఫైర్‌స్టోన్ టైర్లు ఉండేవి. ఎండ, వేగం, తక్కువ గాలి కలిసినప్పుడు టైరు పైపొర ఊడిపోయేది. అదుపు తప్పిన ఎత్తైన వాహనం పల్టీ కొట్టేది. 1999లోనే ఫోర్డ్ గల్ఫ్ దేశాల్లో ఈ టైర్లు మార్చడం మొదలుపెట్టింది. విదేశాల్లో తీసుకున్న చర్యను అమెరికా ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన అప్పట్లో లేదు. 2000 మే నెలలో ప్రభుత్వ విచారణ మొదలైంది. ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను రీకాల్ చేసింది. ఈ టైర్ల వైఫల్యంతో ముడిపడిన మరణాలు 271 అని అక్కడి భద్రతా సంస్థ లెక్కగట్టింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన 'ట్రెడ్' చట్టం విదేశీ రీకాల్స్‌తో పాటు మరణాలు, ఫిర్యాదుల సమాచారాన్ని కూడా ప్రభుత్వానికి ఇవ్వాలని ఆదేశించింది.

ఇక మన దేశానికి వద్దాం. 2012 జులైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. పాటించకపోతే శిక్ష లేదు. ఏడాది తిరిగేసరికి, 2013 జులైలో, జనరల్ మోటార్స్ ఇండియా సుమారు 1.14 లక్షల తవేరా వాహనాలను వెనక్కి పిలిచింది. పెద్ద కుటుంబాలు, ట్యాక్సీవాళ్లు ఎక్కువగా వాడిన బండి అది. అక్కడ సమస్య టైరు, బ్రేకులది కాదు. ఉద్గార పరీక్షల్లో నిబంధనల ఉల్లంఘన జరిగిందని కంపెనీయే ప్రభుత్వానికి తెలిపింది. కంపెనీ తనంతట తాను చెబితే తప్ప నిజం బయటికి రాని వ్యవస్థపై ఎంతవరకు ఆధారపడగలమన్న ప్రశ్న అప్పుడు బలంగా ముందుకొచ్చింది.

2019 సవరణ చట్టం దానికి జవాబిచ్చింది. నిర్ణీత శాతం యజమానుల ఫిర్యాదు, పరీక్షా సంస్థ నివేదిక లేదా ఇతర ఆధారాలతో కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. జరిమానా రూ.10 లక్షల నుంచి రూ.1 కోటి వరకు ఉంటుంది. ఇందులో గమనించాల్సిన మెలిక ఒకటుంది: తయారీదారే లోపాన్ని గుర్తించి కేంద్రానికి తెలిపి రీకాల్ మొదలుపెడితే ఈ జరిమానా పడదు. అంటే చట్టం శిక్షించేది లోపం కన్నా మౌనాన్ని.

అయినా ఖాళీలు మిగిలాయి. తప్పనిసరి రీకాల్ ఏడేళ్లలోపు వాహనాలకే వర్తిస్తుంది. మన ఇళ్లలో బండి పదిహేనేళ్లు నడుస్తుంది, ఇద్దరు ముగ్గురు చేతులు మారుతుంది. ఆర్‌సీలో పేరు, చిరునామా మారకపోతే కంపెనీ ఉత్తరం పాత యజమాని ఇంటికే చేరుతుంది. పిల్లలను ఎక్కించుకుని ఊరెళ్లే కొత్త యజమానికి ఆ సంగతే తెలియదు. పాత బండి కొనేవారు ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లో రీకాల్ వివరాలు చూసుకోవడం మంచిది.

మెయిన్స్‌లో వినియోగదారుల రక్షణ, నియంత్రణ సంస్థలు, కార్పొరేట్ నైతికత గురించి అడిగితే ఈ ఉదాహరణ మూడింటికీ పనికొస్తుంది. సాధన కోసం ఒక ప్రశ్న: "స్వచ్ఛంద నియంత్రణ విఫలమైనప్పుడే చట్టం పుడుతుంది." భారత రీకాల్ విధానం ఆధారంగా 150 పదాల్లో చర్చించండి.