చెఱకు తెచ్చిన నీరు

భోజనములైన పిదప మన యిండ్లలో అంట్లు తోముట ప్రతిదినము చూచు పనియే. నీటి కొఱత గల యూళ్లలో గృహిణులు మొదట ఎంగిలిని తుడిచివేయుదురు. తరువాత బూడిదతో, కొబ్బరిపీచుతో పాత్రను రుద్దుదురు. ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు పట్టింతురు. తుదకు మాత్రమే నీరు పోయుదురు. ఆ తొలుపునీటిని పారబోయక మఱియొక పాత్రకు మొదటినీరుగా వాడుకొందురు. బూడిదలోని క్షారము జిడ్డును విడగొట్టును. చింతపండులోని ఆమ్లము లోహముపై పట్టిన చిలుమును కరగించును. ఈ శాస్త్రమును వారికెవ్వరును పుస్తకము తెఱచి బోధింపలేదు. ఆహారపదార్థములను తయారుచేయు కర్మాగారములు తమ యంత్రములను శుభ్రపఱచుకొనుటలో ఈ పాఠములనే మరల నేర్వవలసివచ్చినది. ఆ కథను జహీరాబాదు చెఱకు సీమనుండి మొదలిడి చెప్పదలచితిమి.

జహీరాబాదు హైదరాబాదునకు పడమరగా, కర్ణాటకపు సరిహద్దు చెంత నున్నది. 1956 వఱకు బీదరు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. ఇది ప్రధానముగా జొన్న, కంది మొదలగు మెట్టపంటల నేల. నిజాం చక్కెర కర్మాగారము 1937లో బోధనునందు వెలసినప్పుడు, 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరపు కాలువలు దాని చెఱకుతోటలకు నీరందించుచుండెను. అనంతరకాలమున ఆ సంస్థయే జహీరాబాదు ప్రాంతమునను ఒక కర్మాగారమును నెలకొల్పినది. ఇచ్చట అంతటి కాలువల భాగ్యము లేదు. రైతు బావులను, బోరులను నమ్ముకొని చెఱకు పెంచవలెను. కావున ఇచ్చట కర్మాగారము వాడు ప్రతి కడవ నీటికిని లెక్క చెప్పవలసియున్నది.

యంత్రములు రాకమునుపు చెఱకురసము గానుగనుండి పెనములోనికి చేరెడిది. పాకము ముదిరి దించిన వెంటనే, పెనము మాడకుండ తరువాతి దఫా రసమును అందు పోయుదురు. పెనమునకు అంటుకొన్న తీపి ఆ రసములో కరగిపోవును. ఇట్లు పెనము శుభ్రమగును, బెల్లము నష్టము కాదు, నీటి ఖర్చును లేదు. నేటి చక్కెర కర్మాగారములలో పాత్రలను కడిగిన తీపినీటిని మరల రసములోనికి మరల్చు పద్ధతికి మూలసూత్రము ఇదియే.

పెద్ద మార్పు అమెరికాలోని లూసియానానుండి వచ్చినది. అచ్చటి తోటలలో బానిసలు కుతకుతలాడు రసమును ఒక బానలోనుండి మఱియొక బానలోనికి గరిటెలతో తోడిపోయుచుండిరి. ఒళ్లు కాలుటయు, కట్టెలు తగులబడుటయు నిత్యకృత్యము. 1806లో న్యూ ఆర్లియన్సునందు జన్మించి, పారిసులో విద్య నభ్యసించిన నోర్బర్ట్ రిల్యూ దీనికి విరుగుడు కనుగొనెను. ఆయన తల్లి నల్లజాతి వంశజురాలైన స్వతంత్రస్త్రీ. మూసిన పాత్రలను వరుసగా నిలిపి, ఒకదానిలో పుట్టిన ఆవిరితో రెండవదానిని, దాని ఆవిరితో మూడవదానిని కాచు విధానమునకు ఆయన 1843లోను, 1846లోను పేటెంటులు పొందెను. తరువాతి పాత్రలలో పీడనము తక్కువగుటచే రసము తక్కువ వేడికే మరగును. ఇందువలన వంటచెఱకు ఆదాయైనది. అంతకు మించి, గాలిలో కలసిపోవుచుండిన ఆవిరి చల్లబడి నీరై చేతికి చిక్కినది.

ఆ నీటి విలువ ఎంతయో ఒక చిన్న లెక్కతో తెలియగలదు. చెఱకులో నూటికి సుమారు 70 పాళ్లు నీరే. దినమునకు 2,500 టన్నుల చెఱకు నాడించు కర్మాగారమునకు పొలములనుండి దాదాపు 1,750 టన్నుల నీరు చెఱకుతోపాటు బండ్లపై వచ్చుచున్నదన్నమాట. దీనిని పట్టి దాచుకొనగల కర్మాగారము బావులపై ఆధారపడుట ఎంతయో తగ్గును.

అయితే ఆవిరిపాత్రలను కడుగుట సులభము కాదు. సున్నముతో తేర్చిన రసము మరగుచుండగా కాల్షియము, సిలికా లవణములు గొట్టముల లోపల గారగా పేరుకొనును. వేడి రసమునకు అందదు, పని మందగించును. అప్పుడు కాస్టిక్ సోడా ద్రావణమును అందు కొన్ని గంటలు మరగించి, గారను మెత్తబఱచి, బ్రష్షులతో గీకి కడుగుదురు. ఆ క్షారద్రావణమును ప్రతిసారి కాలువపాలు చేయక తొట్టిలో నిలువచేసి, బలము సరిచూచి, మరల వాడవచ్చును. తుది తొలుపునీరు మఱుసటి శుద్ధికి మొదటినీరు కాగలదు.

పాడి పరిశ్రమ కూడ ఈ త్రోవనే నడచినది. గొట్టములను విడదీయకయే వాటిలో క్షారమును, ఆమ్లమును, నీటిని వరుసగా త్రిప్పు పద్ధతి ఇరువదవ శతాబ్ది నడుమ వ్యాపించినది. 1959లో జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ శుద్ధికి నాలుగంగములున్నవని వివరించెను: మందు, రాపిడి, వేడిమి, కాలము. ఒకటి తగ్గినచో తక్కినవి పెరుగవలెను. నీటిని తగ్గింపగోరువాడు రాపిడినో వేడిమినో పెంపవలెనని దీని భావము. మన గృహిణి చేతిలోని కొబ్బరిపీచు చేయు పని అదియే!

పొదుపునకును హద్దు కలదు. చల్లబడిన ఆవిరినీటిలో చక్కెర జాడ యున్నచో అది బాయిలరునకు చేటు. కావుననే కర్మాగారములలో ఆల్ఫా నాఫ్తాల్ అను మందుతో ఆ నీటిని పరీక్షింతురు. ఊదారంగు కన్పించినచో దానిని బాయిలరునకు పంపరు. అటులనే తినెడి పదార్థము తగులు పాత్రకు తుదిసారి పోయు నీరు శుచియైనదే కావలెను. పొదుపు పేరిట ఆరోగ్యమును పణముగా పెట్టరాదు.

కడిగిన తీపినీటిని వాగులోనికి వదలినచో కలుగు హాని మఱియొకటి. సూక్ష్మజీవులు ఆ చక్కెరను తినుచు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు చచ్చును, నీరు కంపుకొట్టును. 2016 జనవరిలో భారత ప్రభుత్వము చక్కెర కర్మాగారములు టన్ను చెఱకునకు 200 లీటర్లకు మించి వ్యర్థజలము వదలరాదని నియమించినది. పైలెక్కలోని కర్మాగారమునకు ఇది దినమునకు 5 లక్షల లీటర్లు. పొలమునుండి వచ్చిన నీటితో పోల్చిన ఇది మూడవవంతు కూడ కాదు.

జహీరాబాదు రైతు తన బావి నీటిని చెఱకుగడలో నింపి కర్మాగారమునకు పంపుచున్నాడు. అతడు ధర పొందునది చెఱకునకే గాని ఆ నీటికి కాదు. ఆ నీటితోనే యంత్రమును కడిగికొని, అతని బావిజోలికి పోకుండుటయు, అతని వాగును పాడుచేయకుండుటయు కర్మాగారము తీర్పవలసిన ఋణమని మేము తలంతుము.