షోర్‌లాండ్‌లో మిగిలినవి

షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున, హైడ్ పార్క్‌లో, షోర్‌లాండ్ అనే పదమూడంతస్తుల మేడ ఉంది. 1926లో హోటల్‌గా తెరిచారు. 2013 నుంచి అపార్ట్‌మెంట్లు. పాత హోటల్‌ని ఇళ్ళు చేశారంటే అదేదో కొత్త సంగతి అనుకున్నాను. కాదు. అది మొదట్నించీ అపార్ట్‌మెంట్ హోటలే. రాత్రికొచ్చి పొద్దున్నే పోయేవాళ్ళతో పాటు, ఏళ్ళ తరబడి కాపురమున్నవాళ్ళూ అందులో ఉండేవారు.

డెబ్భైల్లో షికాగో యూనివర్సిటీ దాన్ని హాస్టల్ చేసింది. 2009 దాకా విద్యార్థులే ఉన్నారు. ఆ తర్వాత స్టూడియో గ్యాంగ్ అనే ఆర్కిటెక్చర్ సంస్థ దాన్ని మూడు వందలకు పైగా ఇళ్ళుగా మలిచింది.

షోర్‌లాండ్ చరిత్ర అడగండి, ఇరవైల నాటి వైభవం చెప్తారు. అల్ కపోన్ చుట్టూ అల్లిన కథలు చెప్తారు. ముప్ఫై ఏళ్ళకు పైగా అక్కడ చదువుకున్న పిల్లల దగ్గరకొచ్చేసరికి కథ ఒక్క వాక్యంలో అయిపోతుంది. నేనూ పైన అదే పని చేశాను!

కానీ ఆ మేడ అమెరికా చారిత్రక స్థలాల జాతీయ జాబితాలోకి ఎక్కింది 1986లో. చరిత్రగా గుర్తించిన ఆ రోజు గదుల్లో ఉన్నది కపోన్ కాదు, ఆ పిల్లలే. సరస్సు కనబడే కిటికీలకి ఇవాళ అద్దె కడుతున్నాం సరే, వాళ్ళ ఏళ్ళని ఏ ఖాతాలో రాద్దాం?