బొమ్మ ఆడినా మాట వినబడదు: ఇంటి తెర మీద శబ్దమార్పిడి చరిత్ర

టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు బొమ్మ చక్కగా ఆడుతూ శబ్దం మాత్రం రాకపోవడం చాలా ఇళ్లలో ఎరిగిన సంగతే అయినా, దాన్ని టీవీలోని లోపంగానో ఫైలు చెడిపోవడంగానో భావించడం సరికాదు. వీడియో ఫైలులో బొమ్మ, శబ్దం వేర్వేరుగా ఉంటాయి. ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క పద్ధతిలో కుదించి, రెండింటినీ ఒకే పెట్టెలో సర్దుతారు. కుదించి తిరిగి విప్పే పద్ధతిని కోడెక్ అనీ, ఆ పెట్టెను కంటైనర్ అనీ అంటారు. పెట్టెను తెరిచి బొమ్మను విప్పగలిగిన టీవీకి శబ్దాన్ని విప్పే కోడెక్ లేకపోతే సినిమా మూగబోతుంది. ఆ కోడెక్ ఎందుకు లేదో తెలియాలంటే 1990ల నాటి సినిమా హాళ్ల దాకా వెనక్కి వెళ్లాలి.

1992లో ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్, మరుసటి ఏడు ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. సాంకేతికంగా ఏసీ3 అని పిలిచే డాల్బీ పద్ధతిలో, 35 మిల్లీమీటర్ల ఫిల్ము అంచున పళ్లచక్రం పట్టుకునే రంధ్రాలకు నడుమ మిగిలిన కొద్దిపాటి జాగాలోనే చుక్కల గళ్లుగా శబ్దాన్ని ముద్రించేవారు. ఒక్కో గడి నడుమ సంస్థ గుర్తు కూడా ఉండేది. ఆ ఇరుకే ఏసీ3ని బాగా కుదించిన పద్ధతిగా తీర్చిదిద్దింది. డీటీఎస్ వారు డిజిటల్ శబ్దాన్ని సీడీల్లో విడిగా పంపి, ఫిల్ము మీద సమయాన్ని సూచించే సన్నని గీతలను మాత్రమే ముద్రించడంతో వారికి జాగా కరువు లేకపోయింది. తెలుగు ఊళ్లలో గోడపత్రికల మీద, థియేటర్ బోర్డుల మీద ‘డీటీఎస్’ అనే మూడక్షరాలు గొప్పగా వెలిగిన రోజులు ఆ తర్వాతివే. శబ్దాన్ని ఒక పేరు పెట్టి పిలవడం తెలుగు ప్రేక్షకుడికి అప్పుడే అలవాటైందనడం అతిశయోక్తి కాదు.

ఇళ్లలో అప్పటికి వీసీడీల కాలం నడుస్తోంది. రెండున్నర గంటల సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. శబ్దానికి ఎంపెగ్ లేయర్ 2 అనే ఒకే కోడెక్‌ను, సెకనుకు 224 కిలోబిట్ల చొప్పున, ప్రమాణమే నిర్ణయించింది కనుక పొంతన కుదరకపోవడమనే చిక్కు తలెత్తలేదు. 1996 నవంబరులో జపాన్‌లో విడుదలైన డీవీడీ ఆ ఏకత్వానికి స్వస్తి పలికి, 448 కిలోబిట్ల దాకా ఏసీ3కి చోటిచ్చి, డీటీఎస్‌ను ఐచ్ఛికంగా ఉంచింది.

శబ్దాన్ని మార్చుకోవలసిన అవసరం మొదట కలిగింది చోటు చాలకే. 1990ల చివర డివ్‌ఎక్స్ కోడెక్ వచ్చాక సినిమా మొత్తాన్ని 700 మెగాబైట్ల సీడీలో ఇమిడ్చే పద్ధతి వ్యాపించింది. రెండున్నర గంటల సినిమాకు 448 కిలోబిట్ల ఏసీ3 శబ్దమే సుమారు 504 మెగాబైట్లను ఆక్రమిస్తుంది, బొమ్మకు రెండు వందల మెగాబైట్లు కూడా దక్కవు. దాన్నే 128 కిలోబిట్ల ఎంపీ3గా మారిస్తే 144తో సరిపోతుంది. ఆరు చానళ్ల శబ్దం రెండు చానళ్లకు కుంచించుకుపోవడం వెనుక ఉన్నది ఈ కూడికా తీసివేతలే.

చోటు చాలని ఆ చిక్కు హార్డ్‌డిస్కులు చవకయ్యాక తీరి, మరో రూపంలో తిరిగివచ్చింది. 2002 డిసెంబరులో ప్రకటించిన మత్రోష్కా కంటైనర్, అంటే నేడు ఎంకేవీగా పేరుపడిన పెట్టె, దాదాపు ఏ శబ్దాన్నయినా ఉన్నదున్నట్లు మోయగలదు. ఒకదానిలో ఒకటి ఒదిగే రష్యా బొమ్మల పేరు దానికి ఊరికే పెట్టలేదు. డిస్కులోని 1509 కిలోబిట్ల డీటీఎస్‌ను, సుమారు 1.7 గిగాబైట్ల బరువుతో సహా, అందులో పెట్టుకోవడం మామూలైంది. కంప్యూటర్లో దానికి అడ్డు లేదు. ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, పారిస్ విద్యార్థుల కృషిగా పుట్టి 2001లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన వీఎల్‌సీ, దాదాపు ప్రతి కోడెక్‌నూ విప్పడం నేర్చుకున్నాయి. టీవీ తయారీదారు మాత్రం పేటెంటు ఉన్న కోడెక్‌కు హక్కుదారు నుంచి లైసెన్సు పొంది రుసుము కట్టాలి. 2018 నుంచి శామ్‌సంగ్ టీవీల్లోను, 2020 నుంచి ఎల్‌జీ టీవీల్లోను డీటీఎస్ కనబడకుండా పోయింది. ఎల్‌జీ 2023 నమూనాలు కొన్నింటిలో దాన్ని తిరిగి తెచ్చింది. ఒకనాడు గోడపత్రికలకెక్కిన పేరే ఇంటి తెర మీద మూగబోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

దీనికి విరుగుడుగా సామాన్యులు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో చేసుకుంటున్న మార్పిడిలో మెచ్చదగింది దాని పొదుపు. బొమ్మను ముట్టుకోకుండా యథాతథంగా నకలు చేసి, శబ్దాన్ని మాత్రమే విప్పి ఏసీ3గానో ఏఏసీ అనే మరో కోడెక్‌గానో మళ్లీ కుదిస్తారు కనుక, గంటలు పట్టవలసిన పని నిమిషాల్లో ముగుస్తుంది, బొమ్మ నాణ్యత వీసమైనా తగ్గదు. ఏసీ3 మీది పేటెంట్లు 2017 మార్చి నాటికి ముగిసిపోవడం ఆ దారిని మరింత సుగమం చేసింది. జాగ్రత్త పడవలసింది ఆరు చానళ్లను రెండుగా కలిపేటప్పుడే. సంభాషణ ఎక్కువగా మధ్య చానల్లో ఉంటుంది. దాన్ని సుమారు 0.707 రెట్లుగా కుడి ఎడమలకు పంచుతారు. ఆ పాలు తగ్గితే వాన హోరు, వాద్యాల మోత నడుమ పాత్రల మాట సన్నగిల్లుతుంది. పూర్తిగా వదిలేస్తే పెదవులు కదులుతాయి గాని పలుకు రాదు. అందుకే అనుభవజ్ఞులు అసలు డీటీఎస్‌ను తీసివేయక, దాని పక్కనే ఏసీ3ని మరో ట్రాకుగా చేర్చి, టీవీ ముందుగా అందుకునేలా దానికి మొదటి వరుస ఇస్తారు. విప్పగల యంత్రం ఇంటికి వచ్చిన నాడు అదే ఫైలులోని పాత ట్రాకును రిమోట్‌తో ఎంచుకోవచ్చు.