గీత దాటిన వెలుగు

ఓరియన్ నెబ్యులా లాంటి ఎర్రటి మేఘాల ఫొటోలు చూసి, నక్షత్రాల మధ్య వెలిగే వాయువంతా అక్కడే ఉందనుకుంటాం. కానీ పాలపుంతలోని అయనీకృత (ఎలక్ట్రాన్ ఊడిన) హైడ్రోజన్‌లో దాదాపు 90 శాతం ఆ మేఘాల బయటే ఉంది. పల్చగా, మసకగా, నక్షత్రాల పళ్లేనికి పైనా కిందా వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంది. సిద్ధాంతం ప్రకారమైతే అది అక్కడ ఉండకూడదు.

ఆ సిద్ధాంతం 1939 నాటిది, డెన్మార్క్ శాస్త్రవేత్త బెంగ్ట్ స్ట్రోమ్‌గ్రెన్‌ది. మహావేడి నీలి నక్షత్రం విడిచే అతినీలలోహిత కిరణాలు హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. అందుకు 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. ఊడిన ఎలక్ట్రాన్లు మళ్లీ వచ్చి కలుస్తుంటాయి, వాటిని మళ్లీ విడదీయడానికే కిరణాలు ఖర్చయిపోతాయి. కొంత దూరం పోయాక ఇక మిగలవు. ఆ హద్దు గీత గీసినంత స్పష్టంగా ఉంటుందని ఆయన లెక్క తేల్చింది. ఎంతో అందమైన లెక్క అది. ఇప్పటికీ ఖగోళశాస్త్ర విద్యార్థులు నేర్చుకునేదే.

కానీ 1963లో ఖగోళ శాస్త్రవేత్తలు ఫ్రెడ్ హోయిల్, టాస్మేనియాలో పనిచేసిన ఎల్లిస్ కలిసి ఒక తేడా పట్టుకున్నారు. పాలపుంత నుంచి వచ్చే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు ఉండాల్సినంత బలంగా లేవు. దారిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల పొర ఏదో వాటిని మింగేస్తోందన్నారు. నాలుగేళ్లకు కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్, లయగా రేడియో స్పందనలు పంపే పల్సార్లను కనిపెట్టాక సాక్ష్యం బలపడింది. పల్సార్ స్పందనలో తక్కువ పౌనఃపున్య తరంగాలు ఆలస్యంగా చేరుతున్నాయి. ఆ ఆలస్యం ఎలక్ట్రాన్ల వల్లే.

ఆ పొరను కాంతిలో పట్టుకున్నది అమెరికాలో రాన్ రేనాల్డ్స్. హైడ్రోజన్ విడిచే 656.3 నానోమీటర్ల ఎర్రని వెలుగును, కంటికి ఆనని చోట కూడా, 1970ల నుంచి ఏళ్ల తరబడి ఓపికగా కొలిచారు. ఈ కథలో నేను ఎక్కువ గౌరవించేది ఆ ఓపికనే. వాయువు ఉష్ణోగ్రత సుమారు 8,000 కెల్విన్లని తేలింది. దాన్ని అయనీకృతంగా నిలపాలంటే సూపర్నోవాల (పేలే నక్షత్రాల) శక్తి దాదాపు మొత్తం కావాలి. నీలి నక్షత్రాల కిరణాల్లోనైతే ఏడో వంతు సరిపోతుంది.

మరి ఆ కిరణాలు గీత ఎలా దాటాయి? స్ట్రోమ్‌గ్రెన్ వాయువు అంతటా ఒకే సాంద్రతతో ఉంటుందనుకున్నారు. నిజానికది గడ్డలూ ఖాళీలూ కలిసినది. పేలిన నక్షత్రాలు అందులో పెద్ద బుడగలు తొలిచాయి. తడిక సందుల్లోంచి ఎండ చొరబడ్డట్టు, ఆ ఖాళీల గుండా కిరణాలు పైకి పోతాయి. 1990లో, అంచు మనవైపు తిప్పి కనబడే ఎన్‌జీసీ 891 గెలాక్సీలోనూ ఇలాంటి మందపాటి పొరే దొరికింది.

ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. పళ్లెం నుంచి ఎత్తుకు పోయేకొద్దీ వాయువు మరింత వేడెక్కుతోంది. నీలి నక్షత్రాల వెలుగుతోనే అది కుదరదు. ముసలి వేడి నక్షత్రాలా, ఆఘాత తరంగాలా, మరేదైనా కారణమా అన్న వాదన ఇంకా నడుస్తోంది.